అమెరికా కమ్యూనిటీ కాలేజీలో బిజినెస్ అడ్మినిస్ట్రేషన్: ఇంటర్ అయిన హైదరాబాద్ విద్యార్థికి ఎంతవరకు పనికొస్తుంది?

ముందుగా మార్కులు. ఇంటర్‌లో ఎంఈసీ చదివి, రెండేళ్ల తర్వాత ఏ యూనివర్సిటీలో చేరాలో ఇప్పుడే తేల్చుకున్నవారికి ఈ దారి ఐదుకు నాలుగు. "ముందు అమెరికాలో అడుగు పెడదాం, మిగతాది అక్కడ చూసుకుందాం" అనుకునేవారికి రెండే. చదువు ఇద్దరికీ ఒకటే, తేడా అంతా క్రెడిట్ల (ఒక్కో కోర్సుకు జమయ్యే పాయింట్ల) బదిలీలో ఉంది. కమ్యూనిటీ కాలేజీలో చదివిన ఒక్కో కోర్సూ రేపు యూనివర్సిటీలో దేని కింద జమ అవుతుందో చేరకముందే తెలిస్తే ఇది మంచి బేరం. తెలియకపోతే రెండేళ్లు మూడేళ్లవుతాయి, మిగులుతుందనుకున్న డబ్బు మూడో ఏడాది అద్దెకీ తిండికీ సరిపోతుంది.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ అంటే చాలావరకు రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ. చేరడానికి శాట్ అడగరు. ఇంటర్ మెమో, టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్ లేదా డ్యులింగో స్కోరు, బ్యాంకు పత్రాలు ఉంటే అడ్మిషన్ దాదాపు ఖాయం. సుమారు 60 సెమిస్టర్ క్రెడిట్లు పూర్తిచేస్తే అసోసియేట్ డిగ్రీ ఇస్తారు. ఆ 60 క్రెడిట్లతో యూనివర్సిటీలో మూడో ఏడాదిలో చేరి మరో 60 చదివితే బ్యాచిలర్స్ పూర్తవుతుంది, పట్టా మీద ఉండేది యూనివర్సిటీ పేరే. కూపర్టినోలోని డి ఆంజా లాంటి కొన్ని కాలేజీలు క్వార్టర్ పద్ధతిలో నడుస్తాయి. అక్కడి 90 క్వార్టర్ యూనిట్లు 60 సెమిస్టర్ క్రెడిట్లకు సమానం. అంకె పెద్దదని చదువు ఎక్కువనుకోకండి.

అసోసియేట్ డిగ్రీ ఒక్కటే పట్టుకుని హైదరాబాద్ తిరిగొస్తే అది ఇక్కడ డిగ్రీ కింద లెక్కకు రాదు. గ్రూప్స్‌కైనా ఐసెట్‌కైనా బ్యాచిలర్స్ కావాలి. సగంలో ఆగితే చేతిలో ఉండేది ఇంటర్ మెమోనే. అదే దోస్త్ (తెలంగాణ డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్లు) ద్వారా నిజాం కాలేజీలోనో సిటీ కాలేజీలోనో మరో ఉస్మానియా అనుబంధ కాలేజీలోనో డిగ్రీ చేస్తే మూడేళ్లకు పూర్తి పట్టా వస్తుంది, ఖర్చు అమెరికాలో ఒక్క సెమిస్టర్ ఖర్చులో చిన్న వంతు. నాలుగేళ్లూ నిలబడి చదివించగలమన్న లెక్క ఇంట్లో తేలాకే ఈ దారి గురించి ఆలోచించాలి. మొదటి ఏడాదికి డబ్బుంది, తర్వాత వాడే చూసుకుంటాడు అంటే కుదరదు. ఎందుకో ఫీజుల దగ్గర చెబుతాను.

ఏ డిగ్రీలో చేరాలి, ఏ కోర్సులు తీసుకోవాలి

ఒకే కాలేజీలో బిజినెస్ పేరుతో మూడు నాలుగు ప్రోగ్రాములుంటాయి. పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి గానీ పని వేరు. ఏ.ఏ. (అసోసియేట్ ఇన్ ఆర్ట్స్) లేదా ఏ.ఎస్. (అసోసియేట్ ఇన్ సైన్స్) అని ఉన్నవి యూనివర్సిటీకి వెళ్లేవాళ్ల కోసం. ఏ.ఏ.ఎస్., అంటే అసోసియేట్ ఇన్ అప్లైడ్ సైన్స్ అని ఉన్నది రెండేళ్లకే ఉద్యోగంలో చేరే స్థానికుల కోసం. అందులో ఆఫీసు మేనేజ్‌మెంట్, రిటైల్, పేరోల్ వంటి కోర్సులు ఎక్కువ, వాటిలో చాలా క్రెడిట్లను యూనివర్సిటీ తీసుకోదు. ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే అడ్మిషన్ పత్రం) చేతికి రాగానే అందులో ప్రోగ్రామ్ పేరు చదవండి. అది అప్లైడ్ ప్రోగ్రామ్ అయితే ఫీజు కట్టకముందే మార్పించుకోండి.

ఆ తర్వాత కోర్సులు. బీబీఏ మూడో ఏడాదిలోకి తీసుకునే ముందు యూనివర్సిటీలు దాదాపు అన్నీ అడిగేది ఒకే గుంపు: ఫైనాన్షియల్ అకౌంటింగ్, మేనేజీరియల్ అకౌంటింగ్, మైక్రో ఎకనామిక్స్, మాక్రో ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, బిజినెస్ కాలిక్యులస్. కొన్నిచోట్ల బిజినెస్ లా, కంప్యూటర్ అప్లికేషన్స్ కలుస్తాయి. మిగతా క్రెడిట్లు ఇంగ్లిష్ కంపోజిషన్, చరిత్ర, రాజనీతి, ఒక సైన్సు, కళల కోర్సు వంటి జనరల్ ఎడ్యుకేషన్.

మనవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. బిజినెస్‌లో చేరాం కదా అని మొదటి సెమిస్టర్‌లోనే ప్రిన్సిపల్స్ ఆఫ్ మేనేజ్‌మెంట్, మార్కెటింగ్, హెచ్ఆర్, స్మాల్ బిజినెస్ తీసుకుంటారు. వినడానికి బీబీఏ సిలబస్‌లాగే ఉంటుంది. కానీ యూనివర్సిటీల్లో మేనేజ్‌మెంట్, మార్కెటింగ్, ఫైనాన్స్ మూడో ఏడాది పై స్థాయి కోర్సులు. కమ్యూనిటీ కాలేజీలో చదివినది కింది స్థాయి. మంచి బిజినెస్ స్కూళ్లు దాన్ని ఉత్త ఎలెక్టివ్‌గా రాసుకుని అసలు కోర్సును మళ్లీ చదివిస్తాయి. మూడు క్రెడిట్ల డబ్బు, ఒక సెమిస్టర్ సమయం అక్కడికక్కడ పోయినట్టే. ఇంట్రడక్షన్ టు బిజినెస్ ఒక్కటి తీసుకోండి, మిగతావి యూనివర్సిటీకి వదిలేయండి.

రెండో ఇబ్బంది వరుస. మేనేజీరియల్ అకౌంటింగ్‌కు ముందు ఫైనాన్షియల్ అకౌంటింగ్ పాసై ఉండాలి. కాలిక్యులస్‌కు ముందు దాని కింది లెక్కల కోర్సు కావాలి. లెక్కల్లో ఒక్క మెట్టు ఆలస్యమైతే దాని మీద ఆధారపడ్డవన్నీ వెనక్కి జరుగుతాయి. సీఈసీ విద్యార్థులకు అసలు దెబ్బ ఇదే. పదో తరగతి తర్వాత రెండేళ్లు లెక్కల పుస్తకం తెరిచి ఉండరు, మొదటి సెమిస్టర్‌లోనే ఆల్‌జీబ్రా ఎదురొస్తుంది. ఎంఈసీ వాళ్లకు మాత్రం బాగా కలిసొస్తుంది. టెక్సాస్‌లో బిజినెస్ విద్యార్థులకు పెట్టే మ్యాథ్ 1324లో మాత్రికలు, సంభావ్యత, లీనియర్ ప్రోగ్రామింగ్, వడ్డీ లెక్కలు ఉంటాయి. మాత్రికలు ఇంటర్ ఒకటి-ఏలో, సంభావ్యత రెండు-ఏలో చూసినవే. తర్వాతి మ్యాథ్ 1325 అవకలనం, సమాకలనం, అంటే ఒకటి-బి, రెండు-బి పుస్తకాల్లోని అధ్యాయాలే, త్రికోణమితి గొడవ తక్కువ. కొత్తగా అనిపించేవి లీనియర్ ప్రోగ్రామింగ్, యాన్యుటీల (సమాన వాయిదాల చెల్లింపుల లెక్కల) భాగం.

సీఈసీ వాళ్లు మార్చిలో పరీక్షలు రాసి ఆగస్టులో సెమిస్టర్ మొదలయ్యేలోపు ఖాళీగా ఉండొద్దు. ఘాతాంకాలు, సంవర్గమానాలు, ప్రమేయాలు, అసమీకరణాలు, సరళరేఖ సమీకరణం, ఈ ఐదూ గట్టిగా చేసుకుంటే మొదటి మెట్టు దాటేస్తారు. రైస్ యూనివర్సిటీ వారి ఓపెన్‌స్టాక్స్‌లో కాలేజ్ ఆల్‌జీబ్రా, ప్రిన్సిపల్స్ ఆఫ్ అకౌంటింగ్, ప్రిన్సిపల్స్ ఆఫ్ ఎకనామిక్స్, ఇంట్రడక్టరీ బిజినెస్ స్టాటిస్టిక్స్ పుస్తకాలు పూర్తిగా ఉచితం. ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనే దించుకోవచ్చు. కోఠిలో పాత అమెరికన్ పుస్తకాల కోసం తిరిగే పని లేదు.

ఏ కోర్సు దేనికి జమ అవుతుందో ఊహించాల్సిన పని కూడా లేదు. కాలిఫోర్నియాలో అసిస్ట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ఉంది. మీ కమ్యూనిటీ కాలేజీ, మీరు చేరాలనుకునే యూనివర్సిటీ, మేజర్ (ప్రధాన సబ్జెక్టు), ఈ మూడూ ఇస్తే ఎడమవైపు యూనివర్సిటీ కోర్సు, కుడివైపు దానికి సరిపోయే మీ కాలేజీ కోర్సు చూపిస్తుంది. కుడివైపు "ఆర్టిక్యులేట్ కాలేదు" అని ఉంటే ఆ కోర్సు మీ కాలేజీలో దొరకదని అర్థం. అలాంటివి రెండు మూడు కనబడితే వేరే కాలేజీ చూసుకోవడం మేలు. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) వారి లాస్ ఏంజిలెస్ క్యాంపస్ యూసీఎల్ఏలో అండర్‌గ్రాడ్ స్థాయిలో బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ మేజరే లేదు, ఉన్నది బిజినెస్ ఎకనామిక్స్. బర్కిలీలో హాస్ బిజినెస్ స్కూల్ ఉంది. ఈ తేడా తెలియకుండా రెంటికీ ఒకే కోర్సులు తీసుకుంటే ఏదో ఒకచోట కొరత పడుతుంది.

టెక్సాస్ ఇంకా సులువు. అక్కడి కమ్యూనిటీ కాలేజీలన్నింటిలో ఒకే కోర్సు నంబర్లు. ఏసీసీటీ 2301 ఫైనాన్షియల్ అకౌంటింగ్, 2302 మేనేజీరియల్, ఈకాన్ 2301 మాక్రో, 2302 మైక్రో. నంబర్‌లో మొదటి అంకె ఏడాది, రెండో అంకె క్రెడిట్లు. 2301 అంటే రెండో ఏడాది స్థాయి, మూడు క్రెడిట్లు. దీనికి తోడు 42 క్రెడిట్ల కోర్ కరికులం ఉంటుంది. అది పూర్తిచేసి ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల జాబితా) మీద "కోర్ కంప్లీట్" అని వేయించుకుంటే రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీ దాన్ని మొత్తంగా తీసుకుంటుంది, ఒక్కో కోర్సునూ మళ్లీ తూచదు. డాలస్ వైపు బంధువులున్న మన కుటుంబాలు డాలస్ కాలేజీ, కాలిన్ కాలేజీ వైపు చూడటానికి, అక్కణ్నుంచి యూటీ డాలస్ జిందాల్ స్కూల్‌కు వెళ్లాలనుకోవడానికి కారణం చుట్టాలొక్కటే కాదు, ఈ ఏర్పాటు కూడా.

అకౌంటింగ్: ఇంటర్ కామర్స్ ఎంతవరకు ఆదుకుంటుంది

చిట్టా (జర్నల్), ఆవర్జా (లెడ్జర్), అంకణా (ట్రయల్ బ్యాలెన్స్), ఆస్తి అప్పుల పట్టీ (బ్యాలెన్స్ షీట్) తెలిసిన వాళ్లకు ఫైనాన్షియల్ అకౌంటింగ్ సగం తెలిసినట్టే. మిగతా సగంలోనే జారతారు. ఇంటర్‌లో మూడు సూత్రాలు బట్టీ పడతాం: పుచ్చుకొనేవారికి డెబిట్, వచ్చేదానికి డెబిట్, ఖర్చులకు నష్టాలకు డెబిట్. అమెరికన్ పుస్తకంలో ఈ మూడూ ఉండవు. ఆస్తులు = అప్పులు + ఈక్విటీ (యజమాని మూలధనం) అన్న సమీకరణం నుంచే అంతా లాగుతారు. ఆస్తి పెరిగితే డెబిట్, అప్పు పెరిగితే క్రెడిట్. జవాబు ఒకటే వస్తుంది గానీ పరీక్షలో "ఈ లావాదేవీ వల్ల సమీకరణం ఎలా మారింది" అని అడిగినప్పుడు సూత్రం పట్టుకుని కూర్చుంటే చిక్కుకుపోతారు.

సర్దుబాటు పద్దులు చూడండి. డిసెంబర్ 1న మూడు నెలల అద్దె 12,000 డాలర్లు ముందే కట్టారనుకుందాం. మన పద్ధతిలో అంకణాలో అద్దె 12,000 అని కనబడుతుంది. ముగింపు లెక్కల్లో ముందుగా చెల్లించినది 8,000 తీసేసి, దాన్ని ఆస్తుల వైపు చూపిస్తాం. అక్కడ అలా కాదు. డిసెంబర్ 1నే ప్రీపెయిడ్ రెంట్ అనే ఆస్తి ఖాతాకు 12,000 డెబిట్, నగదుకు క్రెడిట్. డిసెంబర్ 31న తేదీ వేసి విడిగా ఇంకో పద్దు: రెంట్ ఎక్స్‌పెన్స్ డెబిట్ 4,000, ప్రీపెయిడ్ రెంట్ క్రెడిట్ 4,000. తర్వాత సర్దుబాటు చేసిన అంకణా మళ్లీ వేస్తారు. మొదటే ఖర్చుగా రాసి చివర్లో సరిచేయడం లెక్క ప్రకారం తప్పేమీ కాదు. కానీ హోంవర్క్ సాఫ్ట్‌వేర్ ఒక్క జవాబునే ఒప్పుకుంటుంది, ప్రీపెయిడ్ ఖాతా ఎంచుకోకపోతే ఆ ప్రశ్న మొత్తానికి సున్నా వేస్తుంది. ఇంటర్‌లో నూటికి తొంభై అయిదు వచ్చిన పిల్లలు మూడో అధ్యాయంలో డీలా పడేది ఇందుకే. తెలివి తక్కువై కాదు, చేయి తిరిగిన పద్ధతి వేరు కాబట్టి.

ఆస్తి అప్పుల పట్టీ రూపం కూడా వేరు. నగదు మొదట, తర్వాత రావలసిన బాకీలు, సరుకు, ఆ తర్వాత స్థిరాస్తులు, అంటే ఎంత త్వరగా నగదవుతుందో ఆ వరుసలో. సండ్రీ డెటర్స్ అకౌంట్స్ రిసీవబుల్ అవుతుంది, క్లోజింగ్ స్టాక్ ఎండింగ్ ఇన్వెంటరీ అవుతుంది. అక్కడ స్టాక్ అంటే షేరు. మొదటి నెలలో ఈ ఒక్క మాట చాలామందిని తికమక పెడుతుంది.

పాఠం చెప్పే తీరుకు మాత్రం పూర్తి మార్కులు ఇవ్వాలి. క్లాసులో సాధారణంగా ముప్పై నలభై మందే ఉంటారు, చెప్పేవాళ్లలో చాలామంది బయట సీపీఏలుగానో (మన సీఏల లాంటివారు) కంపెనీల్లోనో పనిచేసినవాళ్లు, ఆఫీస్ అవర్స్‌లో తలుపు తట్టి అడగొచ్చు. ట్యూటరింగ్ సెంటర్ ఉచితం. పెద్ద యూనివర్సిటీలో మొదటి రెండేళ్లు వందల మంది మధ్య కూర్చోవడం కన్నా ఇక్కడ పునాది గట్టిగా పడుతుంది.

మార్కులు మన బోర్డు పరీక్షల్లా చివర్లో ఒక్కసారి తేలవు. ఉదాహరణకు హోంవర్క్ 15 శాతం, క్విజ్‌లు 15, రెండు మిడ్‌టర్మ్‌లు కలిపి 40, ఫైనల్ 30 అనుకోండి. హోంవర్క్ మొత్తం వదిలేసి మిగతా అన్నింటిలో 95 తెచ్చుకున్నా కలిపితే 80.75 దగ్గర ఆగుతుంది. "ఏ" గ్రేడ్ రావలసిన చోట "బి" వస్తుంది. "పరీక్షల ముందు నెల రోజులు కూర్చుంటే చాలు" అనే ఇంటర్ అలవాటుకు పడే శిక్ష ఇది. హోంవర్క్ చాలాచోట్ల కనెక్ట్, మైల్యాబ్, మైండ్‌ట్యాప్ వంటి ఆన్‌లైన్ సైట్లలో ఉంటుంది, వాటికి యాక్సెస్ కోడ్ కొనాలి. ఆ కోడ్ ఒకసారి వాడితే అయిపోయినట్టే, కాబట్టి సీనియర్ దగ్గర పాత పుస్తకం తీసుకున్నా కోడ్ ఖర్చు తప్పదు. కాలిఫోర్నియా కాలేజీల టైమ్‌టేబుల్‌లో పుస్తకాల ఖర్చు లేని సెక్షన్లకు "జీరో టెక్స్ట్‌బుక్ కాస్ట్" గుర్తు ఉంటుంది. రిజిస్టర్ చేసేటప్పుడు ముందు వాటిని వెతకండి.

సీట్లు, ఎఫ్-1 నిబంధన

ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవారు సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు చదవాలి. అందులో పూర్తి ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే, మూడు క్రెడిట్ల వరకే లెక్కకు వస్తుంది. కమ్యూనిటీ కాలేజీల్లో బిజినెస్ కోర్సులు చాలావరకు ఆన్‌లైన్‌లోకి వెళ్లిపోయాయి, ఎందుకంటే అక్కడి విద్యార్థుల్లో ఉద్యోగాలు చేసుకుంటూ చదివేవాళ్లు ఎక్కువ. క్లాసులో కూర్చునే సెక్షన్ ఒకటో రెండో ఉంటాయి, అవి ముందు నిండుతాయి. పాత విద్యార్థులకు రిజిస్ట్రేషన్ ముందు తెరుస్తారు, కొత్తవాళ్ల వంతు చివర్లో. ఈ రెండూ కలిసి మొదటి సెమిస్టర్‌లో అకౌంటింగ్ దొరక్క, 12 క్రెడిట్ల లెక్క నింపడానికి అక్కరలేని కోర్సులు తీసుకునే పరిస్థితి వస్తుంది. ఈ ఏర్పాటులో నాకు అన్నింటికన్నా నచ్చనిది ఇదే. అంతర్జాతీయ విద్యార్థి దగ్గర ఎక్కువ ఫీజు తీసుకుంటూ సీటు మాత్రం చివర ఇస్తారు.

దీనికి ఉపాయం ఉంది. రిజిస్ట్రేషన్ తేదీ, గంట మీ ఖాతాలో కనబడగానే రాసుకోండి. వేసవిలో కాలిఫోర్నియాలో పొద్దున ఎనిమిదంటే మనకు రాత్రి ఎనిమిదిన్నర, టెక్సాస్‌లో ఎనిమిదంటే సాయంత్రం ఆరున్నర. కోర్సు కోడ్‌లు, ప్రతిదానికీ రెండో ఎంపిక ముందే కాగితం మీద ఉండాలి. సీటు లేకపోతే వెయిట్‌లిస్ట్‌లో పేరు వేసి మొదటి రోజు క్లాసుకు తప్పకుండా వెళ్లండి. రాని వాళ్లను ప్రొఫెసర్ తీసేసి కూర్చున్నవాళ్లకు యాడ్ కోడ్ (కోర్సులో చేరే అనుమతి నంబర్) ఇస్తారు. కోర్సు బరువనిపించి మధ్యలో వదిలేయాలనుకుంటే మాత్రం ముందు అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడిగి, అనుమతి చేతికొచ్చాకే బటన్ నొక్కండి. అనుమతి లేకుండా 12 కిందికి పడితే సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) రికార్డే రద్దవుతుంది. అప్పుడు పోయేది కోర్సు కాదు, స్టేటస్, అంటే విద్యార్థిగా అక్కడ ఉండే అర్హత.

పని విషయం. చదువు నడిచే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటల వరకు చేయొచ్చు. బయట పెట్రోలు బంకులోనో హోటల్లోనో చేతికి డబ్బు తీసుకుని చేయడం నేరుగా స్టేటస్ పోగొట్టుకోవడమే. కమ్యూనిటీ కాలేజీ చిన్నది కాబట్టి క్యాంపస్ ఉద్యోగాలూ తక్కువే. వాటి మీద ఫీజు కడదామన్న లెక్క వేయొద్దు. అసోసియేట్ అయ్యాక 12 నెలల ఓపీటీ (చదివిన రంగంలో ఉద్యోగం చేసే అనుమతి) ఉంది, బ్యాచిలర్స్ అయ్యాక మళ్లీ 12 నెలలు విడిగా వస్తుంది. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) చదివినవారికిచ్చే 24 నెలల పొడిగింపు కావాలంటే ఐ-20 మీద సీఐపీ కోడ్ (ప్రోగ్రామ్‌కు ఇచ్చే ప్రభుత్వ అంకె) చూడాలి. మామూలు బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ 52.0201, అది స్టెమ్ జాబితాలో లేదు. మేనేజ్‌మెంట్ సైన్స్ 52.1301 ఉంది. యూనివర్సిటీలో మేజర్ ఎంచుకునేటప్పుడు ఈ అంకె అడిగి తెలుసుకోండి, పేరు చూసి మోసపోకండి.

ఫీజులు

కాలిఫోర్నియాలో యూనిట్ 46 డాలర్లు అన్న ప్రచారం నిజమే, కానీ అది ఆ రాష్ట్ర నివాసులకు. ఎఫ్-1 మీద వచ్చేవారు కట్టేది దానికి ఎన్నో రెట్లు, చాలాచోట్ల యూనిట్‌కు 300 డాలర్ల పైమాటే. ఉదాహరణకు 400 అనుకుంటే 60 యూనిట్లకు 24,000 డాలర్లు ట్యూషన్ ఒక్కటే. దానిపైన తప్పనిసరి ఆరోగ్య బీమా, పుస్తకాలు, అద్దె, బస్సు ఖర్చు. చాలా కమ్యూనిటీ కాలేజీలకు హాస్టల్ ఉండదు. టెక్సాస్‌లో ఫీజు పట్టిక మూడు వరుసల్లో ఉంటుంది: జిల్లా లోపల, జిల్లా బయట, రాష్ట్రం బయట. మీది చివరి వరుస. చుట్టాల ఇల్లు జిల్లా లోపలే ఉన్నా ఎఫ్-1 వాళ్లకు మొదటి వరుస వర్తించదు.

అసలు బరువు మూడో ఏడాది నుంచి. అక్కడ యూనివర్సిటీ అవుట్-ఆఫ్-స్టేట్ ఫీజు మొదలవుతుంది, బదిలీపై వచ్చే అంతర్జాతీయ విద్యార్థికి స్కాలర్‌షిప్‌లు కొత్తగా చేరేవారంత ఉండవు. టెక్సాస్‌లో ఒక వెసులుబాటు ఉంది: ప్రభుత్వ యూనివర్సిటీ నుంచి పోటీలో కనీసం 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ తెచ్చుకుంటే రాష్ట్ర నివాసుల ఫీజుకు అర్హత రావొచ్చు. రెండేళ్ల కాలేజీల ఆనర్ సొసైటీ ఫై థీటా కప్పాలో సభ్యత్వం ఉన్నవారికి చాలా యూనివర్సిటీలు విడిగా బదిలీ స్కాలర్‌షిప్ పెడతాయి. మొదటి సెమిస్టర్ గ్రేడ్లు బాగుంటే వెంటనే అందులో చేరండి. నాలుగేళ్ల ఖర్చూ ఒకే కాగితం మీద వేసి చూసుకున్నాకే ఇక్కడ లోన్ పత్రాల మీద సంతకం చేయండి.

వీసా

బయోమెట్రిక్స్ హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో, ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో. సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా దరఖాస్తు ఫీజు 185. 2025 జూన్ నుంచి సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌గా పెట్టమంటున్నారు. కమ్యూనిటీ కాలేజీ ఐ-20తో వెళ్లేవారికి దాదాపు ఖాయంగా ఎదురయ్యే ప్రశ్న, యూనివర్సిటీ ఉండగా ఇదెందుకు అని. "ఖర్చు తక్కువ" అని ఆగితే సరిపోదు. ఏ యూనివర్సిటీ, ఏ మేజర్, ఆ యూనివర్సిటీకీ మీ కాలేజీకీ మధ్య ఒప్పందం ఏముంది, రెండేళ్లలో ఏయే కోర్సులు, మూడో ఏడాది ఖర్చు ఎవరు ఎలా కడతారు, చదివాక హైదరాబాద్‌లో ఏం చేస్తారు, ఇవి సొంత మాటల్లో రెండు మూడు వాక్యాల్లో రావాలి. కన్సల్టెన్సీ రాసిచ్చిన పాఠం అప్పజెబితే అవతలివారికి వెంటనే తెలిసిపోతుంది. ఈ ప్లాన్ వివరించలేకపోతే 214(బి) కింద, అంటే చదువయ్యాక తిరిగొస్తారన్న నమ్మకం కలగలేదని, వీసా తిరస్కరించే ప్రమాదం ఉంది.

ఖాతాలో నాలుగు రోజులు డబ్బు పెట్టి చూపిస్తామనే వారి దగ్గరికి పోవద్దు. అది మోసం, బయటపడితే ఈసారి వీసాతో ఆగదు. సొంత ఫిక్స్‌డ్ డిపాజిట్లు, బ్యాంకు లోన్ శాంక్షన్ లెటర్, తల్లిదండ్రుల ఆదాయపు పన్ను రిటర్నులు చాలు. స్థలం విలువ పత్రం తోడుగా ఉంటుందే తప్ప ఫీజు కట్టే డబ్బు కింద చెల్లదు. కాలేజీ ఎంపికకు కన్సల్టెన్సీ మాటే వేదంగా తీసుకోవద్దు. తమకు కమీషన్ ఇచ్చే చోటుకే వాళ్లు మొగ్గుతారు. అమెరికా ప్రభుత్వం తరఫున నడిచే ఎడ్యుకేషన్‌యూఎస్ఏ సలహా ఉచితం, ముందు అక్కడ అడగండి.

బదిలీ దరఖాస్తు ఎప్పుడు

రెండేళ్లు చదివాక దరఖాస్తు పెట్టాలనుకుంటే ఆలస్యమైపోతుంది. ఆగస్టులో చేరినవారు యూసీ యూనివర్సిటీలకు మరుసటి ఏడాది అక్టోబర్, నవంబర్ నెలల్లోనే పెట్టాలి, అంటే మూడో సెమిస్టర్ మధ్యలో. అప్పటికి చూపించడానికి ఉండేవి మొదటి రెండు సెమిస్టర్ల గ్రేడ్లే. కొత్త ఊరు, కొత్త పద్ధతి అని మొదటి ఏడాది తేలిగ్గా తీసుకున్నవాళ్లు అక్కడే సీటు పోగొట్టుకుంటారు. డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, సాంటా బార్బరా, సాంటా క్రూజ్, ఈ ఆరు యూసీ క్యాంపస్‌లు ట్యాగ్ (ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ) పేరుతో ముందే సీటుకు హామీ ఇస్తాయి. దాని దరఖాస్తు సెప్టెంబర్ నెలలో. బర్కిలీ, ఎల్ఏ, శాన్ డీగో ఇందులో లేవు, ఉన్న క్యాంపస్‌లు కూడా కొన్ని మేజర్లను మినహాయిస్తాయి. మీ మేజర్ ఆ ఏటి జాబితాలో ఉందో లేదో చూసుకోండి.

యూనివర్సిటీ సీటు వచ్చాక సెవిస్ రికార్డును బదిలీ చేయించాలి. కొత్త కోర్సు అయిదు నెలల్లోపు మొదలవ్వాలి. డిసెంబర్‌లో అసోసియేట్ ముగించి ఆగస్టు సీటు కోసం ఎదురుచూసేవారికి ఈ లెక్క కుదరదు. కోర్సులు మేలో ముగిసేలా సర్దుకోండి.

అమ్మానాన్నలతో హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద అక్కడే ఉన్న పిల్లలకు ఈ దారి ఇంకా బాగుంటుంది, కొన్ని రాష్ట్రాల్లో నివాసుల ఫీజే పడుతుంది. 21 ఏళ్లు నిండేలోపు ఎఫ్-1కు మారే పని మాత్రం ముందే మొదలుపెట్టాలి.

ఇక్కణ్నుంచి తీసుకెళ్లాల్సిన కాగితాల్లో అసలు చిక్కు పేరు దగ్గర. ఇంటర్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, లేదా మొత్తం పేరు ఒకే గడిలో పడి ఇంకో గడి ఖాళీగా ఉంటుంది. అలాంటప్పుడు వీసా మీద అసలు పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, పేరు గడిలో "ఎఫ్ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. తర్వాత బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు, ట్రాన్స్‌క్రిప్ట్ అన్నింటిలోనూ అదే పేరు నడుస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు విడివిడి గడుల్లో ఉన్నాయో లేదో కాలేజీకి దరఖాస్తు పెట్టకముందే చూసి, లేకపోతే రీఇష్యూకు పెట్టుకోండి. ఐ-20 పాత పేరుతో వచ్చాక మార్చాలంటే కాలేజీ రికార్డు, ఐ-20, డీఎస్-160 (వీసా దరఖాస్తు ఫారం) అన్నీ మళ్లీ మొదటి నుంచి.